చొక్కా చేతులు నప్పకపోతే: గుండీ జరపాలా, కుట్టు లోపలికి తీయాలా, కత్తిరించాలా?

చొక్కా భుజాల మీద చక్కగా కూర్చుంటుంది, మెడ సరిపోతుంది, ఛాతీ దగ్గర ఇబ్బంది లేదు. చేతులు మాత్రం వేళ్ల దాకా వచ్చేస్తాయి. మరో చొక్కాకి పొడవు సరిగ్గానే ఉంటుంది కానీ మోచేతి కింద సంచి కట్టినట్టు గుడ్డ వేలాడుతుంది. ఇంకోటి, చేయి పైకెత్తితే చాలు, నడుము దగ్గర దోపినదంతా బయటికి వచ్చేస్తుంది. ఇలాంటివి రెండు మూడు బీరువా అడుగున పడి ఉంటాయి. గుడ్డ బాగుంటుంది, రంగు బాగుంటుంది, వేసుకోబుద్ధి కాదు.

వీటిలో చాలావాటిని ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. ఎలా అన్నది అంత కష్టం కాదు. ఏ పద్ధతి అన్న దగ్గరే తప్పటడుగు పడుతుంది. పొడుగైందనగానే చాలామంది కత్తెర తీస్తారు. నేనైతే కత్తెరని అన్నిటికన్నా చివర పెట్టుకోమంటాను. గుండీ జరిపితే మళ్లీ జరపొచ్చు. కుట్టు వేస్తే విప్పొచ్చు. కత్తిరించిన గుడ్డని మళ్లీ అతికించలేం. పైగా చేయి పొడుగైందని మనకు తెలిసేది మణికట్టు దగ్గరే అయినా, లోపం అక్కడే ఉండాలని లేదు. భుజం జారినా చేయి పొడుగ్గా కనిపిస్తుంది. మణికట్టు దగ్గరి పట్టీ, అంటే కఫ్, వదులైనా అంతే.

లోపం ఎక్కడుందో ముందు పట్టుకోండి

చొక్కా ఉతికి, ఇస్త్రీ చేసి అప్పుడు కొలవండి. ఇది దాటవేయకూడని పని. నూలు గుడ్డ మొదటి ఉతుకుల్లో కుదించుకుంటుంది. నూటికి మూడు వంతులు తగ్గిందనుకున్నా, 60 సెం.మీ. ఉన్న చేయి దాదాపు 2 సెం.మీ. పొట్టిదవుతుంది. ఒకసారి నేను కొత్త నూలు చొక్కాని ఉతక్కుండానే చేతులు 2.5 సెం.మీ. కత్తిరించి కఫ్ మళ్లీ కుట్టాను. ఆ రోజు అద్దంలో ఎంతో బాగుంది. రెండు ఉతుకులయ్యాక కఫ్ మణికట్టు ఎముక దాటి పైకి వెళ్లిపోయింది. చివరికి దాన్ని పొట్టి చేతుల చొక్కాగా మార్చుకోవాల్సి వచ్చింది. అప్పటినుంచి రెండుసార్లు ఉతకనిదే ఏ నూలు చొక్కా మీదా సుద్ద గీత కూడా గీయను.

ఉతికాక వేసుకుని, గుండీలన్నీ పెట్టుకుని, అద్దం ముందు చేతులు కిందికి వదిలేసి నిలబడండి. మొదట భుజం చూడండి. చేయి కలిసే కుట్టు భుజం ఎముక చివర పడాలి. అది 2 సెం.మీ. కిందికి జారితే, మణికట్టు దగ్గర కనిపించే పొడవులో ఆ 2 సెం.మీ. భుజానిదే. తర్వాత కఫ్ గుండీ పెట్టి చూడండి. కఫ్ మణికట్టు ఎముకని కప్పి, బొటనవేలు మొదలయ్యే చోట ఆగాలి. గుండీ పెట్టినా అరచేతి మీదికి జారిపోతోందంటే చేయి పొడుగో కాదో అప్పుడే తేల్చలేం. కఫ్ వదులుగా ఉందన్నది మాత్రం ఖాయం.

ఇప్పుడు కఫ్‌ని రెండో చేత్తో మణికట్టు చుట్టూ బిగించి పట్టుకుని, మోచేయి మడవండి. తర్వాత పై అరలోంచి ఏదో తీస్తున్నట్టు చేయి చాపండి. కఫ్ మణికట్టు మీదే ఉండి, మోచేతి దగ్గర గుడ్డ ఇబ్బంది లేకుండా సర్దుకుంటే పొడవు సరిపోయినట్టే. చేయి వదిలేసినప్పుడు కఫ్ పైన కాస్త మడత పడుతుంది. అది లోపం కాదు, చేయి మడిచినప్పుడు కావాల్సిన గుడ్డ అది. ఆ మడత కూడా లేకుండా కత్తిరించుకున్నవాళ్లకి బండి హ్యాండిల్ పట్టుకున్నా, బల్ల మీద చేతులు పెట్టి రాసుకున్నా కఫ్ పైకి ఎగబాకుతూ ఉంటుంది.

ఆఖరున వెడల్పు. మోచేతికీ చంకకీ మధ్యలో చేతి కింద గుడ్డని వేళ్లతో పట్టి చూడండి. వేళ్ల మధ్య 3 సెం.మీ. గుడ్డ పడితే చుట్టుకొలతలో 6 సెం.మీ. అదనంగా ఉన్నట్టు, ఎందుకంటే అక్కడ గుడ్డ రెండు పొరలు. అంతా తీసేయకూడదు. సాగని గుడ్డకి కండ చుట్టుకొలత కన్నా కనీసం 5 సెం.మీ. వదులుండాలి, హాయిగా ఉండాలంటే 8 నుంచి 10.

రెండు చేతులూ విడివిడిగా కొలవండి. ఒక చేయి రెండోదానికన్నా కాస్త పొడుగ్గా ఉండటం, ఒక భుజం కాస్త కిందికి ఉండటం చాలామందిలో ఉన్నదే. అర సెంటీమీటరు తేడాని వదిలేయొచ్చు. ఒకటి దాటితే ఏ చేతి కొలత ఆ చేతికే తీసుకోవాలి.

అన్నిటికన్నా తేలిక: కఫ్ గుండీ జరపడం

పొడవు అని మొరపెట్టుకునే చొక్కాల్లో చాలావాటికి ఇదొక్కటే సరిపోతుంది. సూది, దారం, పది నిమిషాలు. మణికట్టు కొలతకి 4 లేదా 5 సెం.మీ. కలిపితే వచ్చేది కఫ్ చుట్టుకొలత. గడియారం పెట్టుకునే చేతికి ఇంకో సెంటీమీటరు కలపండి. మణికట్టు 16 సెం.మీ. ఉండి కఫ్ 24 ఉంటే, అది చేతి మీదికి జారకుండా ఆగమంటే ఎలా ఆగుతుంది? గుండీని లోపలికి 2.5 సెం.మీ. జరపగానే కఫ్ మణికట్టుని పట్టుకుంటుంది, మిగిలిన పొడవు పైన సర్దుకుంటుంది. పొడుగ్గా అనిపించిన చేయి సరిపోయినట్టు కనిపించడం ఇందువల్లే.

దీనికీ ఒక హద్దుంది. గుండీ 2.5 సెం.మీ. కన్నా ఎక్కువ జరిపితే కఫ్ ఒక అంచు మరో అంచు మీదికి బాగా ఎక్కి, ఆ పైన చేయి దూరడానికి ఉన్న చీలిక, దాని అంచు పట్టీ మెలితిరుగుతాయి. అప్పుడు గుండీ కాదు, కఫ్ విప్పి చిన్నది చేసుకోవాలి. అది వేరే పని.

గుండీ కుట్టేటప్పుడు గుండీ మీద ఒక అగ్గిపుల్ల అడ్డంగా పెట్టి, దాని మీదుగా దారం తీయండి. నాలుగైదు సార్లు కుట్టాక పుల్ల లాగేసి, గుండీని పైకెత్తి, దానికీ గుడ్డకీ మధ్య వదులైన దారం చుట్టూ మూడు చుట్లు బిగించి ముడేయండి. చిన్న కాడ వస్తుంది. కఫ్ కాజా వైపు గుడ్డ, మధ్యలో గట్టి పొర, మళ్లీ గుడ్డ, ఇంత మందం ఆ కాడలో ఇముడుతుంది. కాడ లేకుండా గుండీని గుడ్డకి అంటించి కుట్టేస్తే కాజా చుట్టూ ముడతలు పడతాయి, కొన్నాళ్లకి దారం తెగుతుంది.

పాత గుండీ ఉన్న చోట సూది రంధ్రాలు కనిపిస్తే కంగారు పడకండి. కాస్త నీళ్లు చల్లి గోటితో రుద్ది ఇస్త్రీ చేస్తే నూలు గుడ్డలో చాలామటుకు మూసుకుపోతాయి.

పొడవు తగ్గించడం: మడత కుట్టా, కఫ్ దగ్గరా, భుజం దగ్గరా?

గుండీ జరిపాక కూడా పొడుగ్గానే ఉంటే అప్పుడు ఈ మూడింటిలో ఒకటి. పిల్లల చొక్కా అయితే నేను రెండో ఆలోచన లేకుండా మడత కుట్టే వేయమంటాను. చీలిక పైన, మోచేతికి కింద, చేయి చుట్టూ లోపలికి 1 సెం.మీ. లోతు మడత పెట్టి కుడితే పొడవు 2 సెం.మీ. తగ్గుతుంది. ఏడాది తిరిగేసరికి పిల్లవాడి చేయి సాగుతుంది, కుట్టు విప్పితే చొక్కా కూడా సాగుతుంది. బయటికి ఒక అడ్డగీత కనిపిస్తుంది నిజమే. గళ్ల గుడ్డలోనూ అడ్డచారల్లోనూ అది కలిసిపోతుంది, తెల్లటి నున్నటి గుడ్డలో తెలుస్తుంది. పెద్దవాళ్ల ఆఫీసు చొక్కాకి ఈ పద్ధతి నప్పదు. విప్పినప్పుడు ఆ మడతలో దాగిన గుడ్డ రంగు వెలవకుండా మిగతాదానికన్నా ముదురుగా కనిపించే అవకాశముంది కాబట్టి, ముదురు రంగు చొక్కాకి మడత వేస్తే ఎక్కువ కాలం అలా ఉంచకండి.

పెద్దవాళ్లకి కఫ్ దగ్గర తగ్గించడమే సరైన దారి, భుజం సరిగ్గా ఉన్నంతవరకు. ఇది ఒక మధ్యాహ్నం పని. కఫ్ విప్పడం, చేయి అడుగు కత్తిరించడం, కఫ్ తిరిగి ఎక్కించడం. చెప్పడానికి మూడే మాటలు, కానీ చేతికి పని దొరికేదంతా వీటి మధ్యలోనే.

విప్పేముందు రెండు కఫ్‌ల లోపలా చిన్న టేపు ముక్క అంటించి ఎడమ, కుడి అని రాయండి. రెండూ ఒకేలా కనిపిస్తాయి కానీ ఒకటి రెండోదానికి అద్దంలో ప్రతిబింబం. తారుమారైతే కాజా ఉన్న వైపు కిందికి వస్తుంది. మంచి ఉపాయం ఏంటంటే, ఒక చేయి పూర్తిగా చేసేదాకా రెండోది విప్పకపోవడం. ఎక్కడ ఏ మడత ఎటు తిరిగిందో చూసుకోవడానికి నమూనా పక్కనే ఉంటుంది.

కఫ్ అంటే రెండు పొరల సంచి లాంటిది. చేయి అడుగు ఆ రెండు పొరల మధ్యకి దూరి ఉంటుంది. పై అంచు మీద కనిపించే కుట్టుని, కుట్లు విప్పే చిన్న పరికరం సీమ్ రిప్పర్‌తో ప్రతి నాలుగో కుట్టు దగ్గర తెంపి, వెనకవైపు దారం లాగితే వరస మొత్తం ఊడివస్తుంది. గుడ్డని రెండు వైపులా లాగి చించినట్టు విప్పకండి, అంచు సాగిపోతుంది. తర్వాత చేయి అడుగున ఎంత తగ్గించాలో అంత, పాత అంచుకి సమానంగా సుద్దతో గీయండి. కఫ్ లోపలికి దూరే 1 సెం.మీ. పాత అంచులోనూ ఉంది, కొత్త అంచులోనూ ఉంటుంది, కాబట్టి దాన్ని మళ్లీ కలపక్కర్లేదు. 3 సెం.మీ. తగ్గాలంటే పాత అంచునుంచి సరిగ్గా 3 సెం.మీ. కత్తిరించాలి. ఇక్కడ లెక్క రెండుసార్లు వేసుకుని అనవసరంగా గుడ్డ వదిలేసేవాళ్లూ, తక్కువ వదిలేవాళ్లూ ఉంటారు.

కత్తిరించాక రెండు సంగతులు మారతాయి. ఒకటి, చేయి పైకి వెళ్లేకొద్దీ వెడల్పు కాబట్టి కొత్త అంచు పాతదానికన్నా వెడల్పుగా ఉంటుంది. కఫ్ కొలత మారలేదు. ఆ తేడాని చీలిక పక్కనున్న కుచ్చుమడతలో కలపండి, మడత మూడు నాలుగు మిల్లీమీటర్లు లోతు చేస్తే చాలు. మరీ ఎక్కువైతే ఇంకో మడత పెట్టండి. రెండు, చీలిక పొట్టిదవుతుంది. మామూలుగా అది 12 నుంచి 15 సెం.మీ. ఉంటుంది. 4 సెం.మీ. తగ్గిస్తే 8 లేదా 11 మిగులుతుంది, చేయి దూర్చడానికీ కఫ్ తెరిచి మడుచుకోవడానికీ అది సరిపోతుంది. అంతకు మించి తగ్గిస్తే చీలిక మధ్యలో ఉన్న చిన్న గుండీ కఫ్‌కి అతుక్కుపోయినట్టు కనిపిస్తుంది, చేయి దూర్చడమూ ఇబ్బందే. అందుకే ఈ పద్ధతికి 4 సెం.మీ. హద్దు అని పెట్టుకుంటాను.

తిరిగి ఎక్కించేటప్పుడు గుండుసూదులు మధ్యలోంచి కాకుండా రెండు చివరలనుంచి మొదలుపెట్టండి. చీలిక అంచు, కఫ్ అంచు ఒకే గీతలో కలవాలి. అక్కడ రెండు మిల్లీమీటర్ల తేడా వచ్చినా గుండీ పెట్టగానే మెట్టులాగా కనిపిస్తుంది. చివరలు గుచ్చాక, మధ్యలో మిగిలిన గుడ్డని కుచ్చుమడతలతో సర్దండి. కచ్చా కుట్టు వేసి ఒకసారి చేతికి వేసుకుని చూసి, అప్పుడు అంచునుంచి 2 మి.మీ. లోపలికి పక్కా కుట్టు వేయండి. మిషన్ మీద ఈ కుట్టు పైనుంచి చక్కగా పడినా, కింది పొర అంచు తప్పిపోతూ ఉంటుంది. కచ్చా కుట్టు వేస్తే ఆ బెడద ఉండదు.

ఇక మూడోది, భుజం దగ్గర తగ్గించడం. 4 సెం.మీ. కన్నా ఎక్కువ పొడవు తీయాలన్నా, భుజం జారినా దారి ఇదే. చేయి పూర్తిగా ఊడదీసి, భుజం జారి ఉంటే దాన్ని కత్తిరించి, చేయి పైభాగాన్ని మళ్లీ గీసి ఎక్కించాలి. చేయి పైభాగం గుమ్మటంలా వంపు తిరిగి ఉంటుంది. ఆ గుమ్మటం ఎత్తుకీ చేయి వెడల్పుకీ చుట్టరికం ఉంది: ఎత్తు పెంచితే చేయి సన్నబడి నిటారుగా పడుతుంది, చేయి ఎత్తడం కష్టమవుతుంది. ఎత్తు తగ్గిస్తే చేయి సులువుగా లేస్తుంది, చంక కింద మడతలు పడతాయి. పై వంపుని అడ్డంగా కోసేస్తే ఈ లెక్క అంతా తప్పుతుంది. పాత వంపుని కాగితం మీద గీసుకుని, అదే ఆకారాన్ని కావాల్సినంత కిందికి దించి గీయాలి. దించినకొద్దీ అక్కడ చేయి సన్నగా ఉంటుంది కాబట్టి వంపు రెండు చివరలా గుడ్డ చాలకపోవచ్చు. గళ్ల చొక్కా అయితే ఒంటి మీది గీతలతో చేతి గీతలు కలవవు. నాలుగైదు చొక్కాలు కుట్టిన అనుభవం లేనివాళ్లు మంచి చొక్కా మీద ఇది మొదలుపెట్టకుండా ఉంటేనే మేలు. పాత చొక్కా ఒకటి బలిచ్చి నేర్చుకోవచ్చు, లేదా చేయి తిరిగిన టైలరుకి ఇవ్వొచ్చు. భుజం 1 సెం.మీ. మాత్రమే జారి ఉంటే అలాగే వదిలేసి కఫ్ దగ్గర సరిచేసుకోండి, చూసేవాళ్లకి తెలియదు.

వదులు తగ్గించడం

ఇంటి మిషన్ మీద మొదటిసారి కూర్చునేవాళ్లకి నేను ముందు అప్పజెప్పేది ఈ పనే. మొదట్లో కత్తెర అక్కర్లేదు, ఫలితం వెంటనే కనిపిస్తుంది.

చొక్కాని తిరగేసి వేసుకుని, చేతి కింది కుట్టు వెంబడి ఎవరితోనైనా గుండుసూదులు పెట్టించుకోండి. ఒంటరిగా ఉంటే, మీకు బాగా నప్పిన మరో చొక్కా చేతిని దీని మీద పరిచి, చంక కుట్టూ భుజం కుట్టూ కలిపి, దాని అంచు వెంబడి సుద్దతో గీయండి. నేను రెండో పద్ధతినే ఎక్కువ నమ్ముతాను. సూదులతో బిగించుకుంటున్నప్పుడు మనకి తెలియకుండానే చేయి కదపకుండా నిలబడతాం, తీరా కుట్టాక మోచేయి మడవలేం.

ఎంత దూరం కుట్టాలన్న దాంట్లో మూడు దారులున్నాయి. మోచేతినుంచి కఫ్ దాకానే వదులుంటే, మోచేతి పైన పాత కుట్టులో మొదలై, కింద లోపలికి వచ్చి, కఫ్‌కి 2 సెం.మీ. పైన మళ్లీ పాత కుట్టులో కలిసిపోయే గీత చాలు. కఫ్ విప్పక్కర్లేదు. చేయంతా వదులైతే కఫ్ పైనుంచి చంక దాకా వెళ్లాలి. కానీ చంక దగ్గర కుట్టు ఆపేస్తే అక్కడ మొన తేలుతుంది. అందుకని చంక దాటి, ఒంటి పక్క కుట్టులోకి దిగి, కనీసం 12 నుంచి 15 సెం.మీ. కింద పాత కుట్టులో కలిసేలా తీయాలి. ఒళ్లు కూడా వదులుగా ఉంటే కింది అంచు దాకా వెళ్లిపోండి, అదే అన్నిటికన్నా అందంగా వస్తుంది.

చంక దగ్గర గీత మూల తిరిగినట్టు కాకుండా గుండ్రంగా తిరగాలి. అక్కడ 1 సెం.మీ. కన్నా లోపలికి వెళ్లకండి. చంక దగ్గర ఎక్కువ తీస్తే చేయి కిందికి దించినప్పుడు బాగానే ఉంటుంది, పైకెత్తగానే పట్టేస్తుంది. మోచేతి పైన 2 సెం.మీ. లోపలికి తీసినా నష్టం లేదు. ఎక్కడ 1 సెం.మీ. జరిపితే అక్కడ చుట్టుకొలత 2 సెం.మీ. తగ్గుతుందన్నది మాత్రం గుర్తుంచుకోండి. దీన్ని మరచిపోయి అనుకున్నదానికి రెట్టింపు బిగించేవాళ్లే ఎక్కువ.

చొక్కా చేతి కింద కుట్టు సాధారణంగా ఒక అంచు మీదికి రెండో అంచు మడిచి, పైన రెండు వరసలు వేసినది. దాన్ని విప్పాలా? విప్పి మళ్లీ అలాగే మడిచి కుడితే కంపెనీ కుట్టులా ఉంటుంది, కానీ సన్నని చేతి గొట్టంలో ఆ రెండో వరస వేయడం ఇంటి మిషన్ మీద చాలా ఓపిక పని. నేను విప్పను. పాత కుట్టుని అలాగే ఉంచి లోపల కొత్త గీత మీద కుట్టేస్తాను. రెండు మూడుసార్లు వేసుకుని, ఒకసారి ఉతికాక, బాగుందని నమ్మకం కుదిరాకే అదనపు గుడ్డని 1 సెం.మీ. వదిలి కోసి, పోగులు ఊడకుండా అంచుకి ఓవర్‌లాక్ గానీ జిగ్‌జాగ్ గానీ వేస్తాను. బయటికి ఆ రెండు వరసలు మాయమై ఒకే కుట్టు గీత కనిపిస్తుంది. చేతి కింది భాగం కాబట్టి ఎవరి కంటా పడదు.

ఒక సంగతి మాత్రం ముందే చెప్పాలి. చేయి ఎత్తితే చొక్కా అంతా పైకి లేస్తోందన్నది మీ ఇబ్బంది అయితే, వదులు తగ్గించినా అది పోదు. చంక గుంట మరీ కిందికి ఉండటం వల్ల వచ్చేది అది. గుంటని పైకి తేవాలంటే అక్కడ లేని గుడ్డ కావాలి. ఇలాంటి చొక్కాని చేతులు మడుచుకుని, దోపకుండా వేసుకోవడమే హాయి.

పొట్టి చేతులుగా మార్చడం

కఫ్ అంచు నలిగి పీచు లేచినా, మోచేతి దగ్గర చిరిగినా, నాలా కత్తిరించడం ఎక్కువైనా, ఇదే దారి. ఉన్న పొట్టి చేతులు వెడల్పుగా రెక్కల్లా లేచి, వదులు తగ్గించుకుంటున్నవాళ్లకీ అంచు మడవడానికి ఇందులో చెప్పేదే పనికొస్తుంది.

పొడవు మోచేతి పైన ఎక్కడ ఆగాలన్నది ఇష్టం. భుజానికీ మోచేతికీ సగం దాటి కాస్త కిందికి ఆగితే ఎక్కువమందికి నప్పుతుంది. కండ అన్నిటికన్నా లావుగా ఉన్న చోటే అంచు పడితే చేయి ఇంకా లావుగా కనిపిస్తుంది, రెండు సెంటీమీటర్లు అటో ఇటో జరపండి. గీసిన గీత కింద 3.5 సెం.మీ. వదిలి కోయండి: 1 సెం.మీ. లోపలికి ఒక మడత, మిగిలిన 2.5 రెండో మడత.

ఇక్కడే ఒక చిక్కుంది. చేయి కిందికి సన్నబడుతుంది. అంచు పైకి మడిచినప్పుడు, సన్నగా ఉన్న గుడ్డ వెడల్పుగా ఉన్న చోట కూర్చోవాలి. అది చాలక లాగుతుంది, అంచు వంకరపోతుంది, ఇస్త్రీ ఎంత చేసినా ముడతలు పోవు. కుట్టు తప్పనుకుని విప్పి మళ్లీ కుడతారు, మళ్లీ అదే. మందు ఏంటంటే, మడత గీత దాకా కుట్టు లోపలికి వస్తూ ఉంటే, గీత దాటాక అదే కోణంలో బయటికి తిరగాలి. మడిచినప్పుడు రెండూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడతాయి. ఉన్న కుట్టుని మడత గీత దాకా విప్పి, ఆ కింద ఇలా బయటికి తిప్పి కుట్టండి. బయటికి తిప్పడానికి అంచులో గుడ్డ లేకపోతే, మడత వెడల్పు 2.5 నుంచి 1.5కి తగ్గించుకోండి. తేడా తగ్గుతుంది, లాగడమూ తగ్గుతుంది.

బిగుతైన చేతులు

వదులు తగ్గించడానికి పది దారులుంటే, బిగుతు వదులు చేయడానికి ఒకటో రెండో. దుకాణంలో కొన్న చొక్కాల్లో లోపల మార్జిన్, అంటే కుట్టు అవతల మిగిలే గుడ్డ, ఉండదు, ఉన్న కాస్తా ఆ రెండు వరసల కుట్టులో మడిచేసి ఉంటుంది. విప్పితే మహా అయితే అర సెంటీమీటరు దొరుకుతుంది, దానికి పాత కుట్టు రంధ్రాలూ ముదురు గీతా బోనస్. కొలతలిచ్చి కుట్టించుకున్న జాకెట్లలోనూ కుర్తాల్లోనూ టైలరు లోపల వదిలి ఉంచితే మాత్రం, పాత కుట్టుకి బయట కొత్త కుట్టు వేసి, ఆ తర్వాత లోపలిది విప్పండి. ఈ వరసలో చేస్తే కొలత తప్పదు.

మార్జిన్ లేనిచోట ముక్క కలపాలి. చంక కింద మాత్రమే పట్టేస్తుంటే, నాలుగు కుట్లు కలిసే ఆ కూడలిని విప్పి, ఒక్కో వైపు 6 నుంచి 8 సెం.మీ. ఉన్న చతురస్రపు ముక్కని మూల మీద నిలబెట్టినట్టు పెట్టి కుడితే చేయి హాయిగా లేస్తుంది. కండ దగ్గర బిగుతైతే చేతి కింది కుట్టు పొడవునా 3 లేదా 4 సెం.మీ. పట్టీ వేయాలి. అదే గుడ్డ ఎక్కడ దొరుకుతుంది? పొడుగు చేతులు పొట్టివి చేస్తే కోసిన ముక్కల్లోంచే దొరుకుతుంది. జేబు తీసేసినా దొరుకుతుంది, కానీ జేబు కింద గుడ్డ రంగు వేరుగా ఉందో లేదో ముందు అంచు ఎత్తి చూసుకోండి.

చేతికుట్టా, మిషనా, అంటించే టేపా?

చొక్కా చేతికి చేతికుట్టు సరిపోదని కొందరు అనుకుంటారు. వెనకకుట్టు చిన్నగా, అంటే సెంటీమీటరుకి నాలుగు కుట్లు పడేలా వేస్తే చంక కింద కూడా నిలుస్తుంది. గుండీకీ, మడత కుట్టుకీ, పొట్టి చేతుల అంచుకీ చేతికుట్టే చాలు. కఫ్ తిరిగి ఎక్కించడానికి మాత్రం మిషన్ కావాలనే అంటాను, ఎందుకంటే ఆ కుట్టు బయటికి కనిపిస్తుంది, పక్కన ఉన్న కంపెనీ కుట్టుతో కలవాలి. మిషన్ మీద చొక్కా గుడ్డకి 11వ నంబరు సూది, కుట్టు పొడవు 2.5 మి.మీ. మందపు గుడ్డకి 14వ నంబరు. టీషర్టులాంటి సాగే గుడ్డకి మొన గుండ్రంగా ఉండే బాల్‌పాయింట్ సూది వేసి సన్నని జిగ్‌జాగ్ కుట్టండి. మామూలు తిన్నని కుట్టు మొదటిసారి చేయి దూర్చినప్పుడే టప్పున తెగుతుంది.

ఇస్త్రీతో అంటుకునే టేపు రేపు పొద్దున్నే వేసుకోవాలన్న తొందరలో పనికొస్తుంది, అదీ పొట్టి చేతుల అంచుకే. ఉతుకుతూ ఉంటే అంచు గట్టిపడి, అక్కడక్కడా ఊడుతుంది. తీశాక జిగురు మరక కనిపించే పల్చటి గుడ్డకి అసలే వాడకండి. పట్టు చొక్కా అయితే టేపూ వద్దు, కుట్టి చూసి విప్పడమూ వద్దు. పట్టులో సూది రంధ్రం మూసుకోదు. ముందు గుండుసూదులకి బదులు క్లిప్పులు పెట్టి, కొలత ఖాయం చేసుకుని, ఒకేసారి కుట్టాలి. లినెన్ అంచు కోసిన వెంటనే పోగులు ఊడుతుంది కాబట్టి కత్తిరించేముందే గీత పక్కన ఒక జిగ్‌జాగ్ వేసుకోండి.

కుట్టిన ప్రతిసారీ, తర్వాతి కుట్టుకి వెళ్లేముందు, ఆ కుట్టు మీద ఇస్త్రీ పెట్టి నొక్కండి. చేతి గొట్టంలోకి ఇస్త్రీ బల్ల దూరకపోతే తువ్వాలుని గట్టిగా చుట్టి లోపల పెట్టుకోండి. కోసిన ముక్కల్ని, పాత గుండీలతో సహా, ఓ చిన్న సంచిలో వేసి ఆ చొక్కా హ్యాంగరుకే తగిలించండి. రేపు కఫ్ అంచు నలిగితే లోపలి పొరకి వేయడానికి అదే రంగు, అదే ఉతుకు చూసిన గుడ్డ ఇంకెక్కడా దొరకదు.